దూది కొట్టునుండి విమానశాలకు

హొసకోటెనుండి పాత మద్రాసు రోడ్డు మీద బెంగుళూరికి సరకు తీసికొనిపోవు మన వర్తకులకు, కృష్ణరాజపురము దాటిన పిమ్మట ఎడమవైపు ఆకాశమున విమానములు లేచుచు దిగుచునుండుట చిరకాలము పరిచయమైన దృశ్యము. 2008 మే నెలలో ప్రయాణికుల విమానములు దేవనహళ్లికి తరలిపోయినవి. విమానములు కట్టు కర్మాగారము మాత్రము అక్కడనే యున్నది. అది ప్రభుత్వపు సొత్తని అందరికి తెలియును. దానికి మొదట పూనుకొన్నది ఒక జైన వర్తక కుటుంబమను సంగతి మన పిల్లలలో ఎందరికి తెలియునో!

ఆ కుటుంబము సౌరాష్ట్రములోని వాంకానేరునుండి సోలాపురమునకు వలస వచ్చినది. ఇంటిపేరు దోషి. తెలుగువారు ఈ పేరు విని నవ్వుకొనవచ్చును గాని, గుజరాతీలో దానికి బట్టల వర్తకుడని యర్థము. సోలాపురములో వారు దూది వ్యాపారమును, వడ్డీ వ్యాపారమును చేసిరి. హీరాచంద్ సేఠ్ గారి కుమారుడు వాల్‌చంద్ 1882లో జన్మించెను. చిట్టా ఆవర్జాల ముందు కూర్చుండుట అతనికి రుచింపలేదు. పూర్వము రైల్వేలో గుమాస్తాగా నుండిన ఫాటక్ అను నతనితో పొత్తు కలిపి, బార్సీ లైట్ రైల్వే పనులను కంట్రాక్టుకు తీసికొనెను. డబ్బు వీరిది, పని తెలిసినవాడు ఆయన. ఈ పద్ధతినే వాల్‌చంద్ గారు జీవితాంతము అనుసరించిరి.

1919లో గ్వాలియరు మహారాజునకు చెందిన ‘లాయల్టీ’ యను పొగయోడను నరోత్తమ్ మొరార్జీ మొదలగువారితో కలిసి కొని, సింధియా కంపెనీని స్థాపించిరి. ఆ యేడు ఏప్రిల్ 5వ తేదీని ఆ ఓడ బొంబాయినుండి ఇంగ్లండునకు బయలుదేరెను. నేడు జాతీయ నౌకాదినము జరుపుకొనునది ఆ తేదీననే. ఇంగ్లీషు కంపెనీలు కేవులు తగ్గించి వీరిని ముంచివేయ జూచినవి. అయినను నిలిచిరి.

బెంగుళూరు కథ 1939లో ఒక ప్రయాణములో మొదలైనది. ఆ ప్రయాణమున వాల్‌చంద్ గారికి పాలీ యను అమెరికా విమాన వ్యాపారి తారసపడెను. యుద్ధకాలము, దేశములో విమానము కట్టు చోటు లేదు. స్థలము కొరకు వెదకుచుండగా మైసూరు దివాను సర్ మీర్జా ఇస్మాయిల్ గారు భూమి నిచ్చుటయే గాక, సంస్థానము తరఫున 25 లక్షల రూపాయల వాటా తీసికొనిరి. శివసముద్రపు విద్యుత్తు, భద్రావతి ఉక్కు, సైన్సు ఇన్‌స్టిట్యూటు ఆ సంస్థానములో అప్పటికే యుండెను. 1940 డిసెంబరు 23న హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ రిజిస్టరైనది. 1941లో భారత ప్రభుత్వము మూడవవంతు వాటా కొన్నది. ఆ సంవత్సరమే ఇక్కడ బిగించిన మొదటి శిక్షణ విమానము ఎగిరెను.

అహింసను పాటించు ఇంటివారు యుద్ధమునకు పనికివచ్చు విమానములు కట్టుట యేమని మన పెద్దలు అడుగకపోరు. సంకల్పపూర్వకమైన హింసను శ్రావకుడు విడువవలెను. ఇల్లు నడుపుటలోను, వృత్తిలోను, ఆత్మరక్షణలోను కలుగు హింస గృహస్థునకు పూర్తిగా తప్పదని శాస్త్రము. అయినను, ఆత్మరక్షణ కని కట్టినది పరుల చేతిలో దేనికి వాడబడునో కట్టినవానికి తెలియదు గదా! ఈ చిక్కును శాస్త్రవాక్యమొక్కటే తీర్చునని తోచదు.

పరుల చేతికి పోవుటయు త్వరలోనే జరిగెను. జపాను యుద్ధములో దిగిన తరువాత, 1942 ఏప్రిల్‌లో భారత ప్రభుత్వము వాల్‌చంద్ గారి వాటాకు ధర చెల్లించి పెత్తనమంతయు తీసికొనెను. అనగా కుటుంబము చేతిలో అది పదునారు నెలలైనను సరిగా లేదు. ఖాతాలో అది నష్టముగా కనబడలేదు గాని, మొక్క నాటి కాయ కోయకమునుపే తోట అమ్మినట్లైనది. 1943లో అమెరికా సైన్యము అక్కడ తన విమానములను బాగుచేయించుకొనెను. యుద్ధానంతరము రైలుపెట్టెలు కూడ అందులో తయారైనవి. 1951లో ఘాటగే గారు రూపొందించిన హెచ్.టి.-2 ఎగిరెను. 1964లో కంపెనీకి నేటి హిందూస్థాన్ ఏరోనాటిక్స్ అను పేరు వచ్చినది. ఈ నడుమ చుట్టుపట్ల పల్లెలు పేటలైనవి. బెంగుళూరు తూర్పుగా పెరుగుటకు ఈ కర్మాగారము కూడ ఒక కారణము.

తెలుగుదేశములోను ఇట్లే జరిగెను. విశాఖపట్టణములో సింధియావారి నౌకానిర్మాణశాలకు 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాదు గారు పునాదిరాయి వేసిరి. మరుసటి ఏప్రిల్‌లో జపానువారు ఆ పట్టణముపై బాంబులు వేసిరి. పని ఆగి, మరల సాగి, ‘జల ఉష’ యను ఓడ 1948లో నెహ్రూగారి చేతులమీదుగా నీటిలో దిగెను. 1952లో మూడింట రెండువంతుల వాటాను, 1961లో మిగిలినదానిని ప్రభుత్వము తీసికొనెను. వాల్‌చంద్ గారు 1953లో స్వర్గస్థులైరి. తమ్ములు గులాబ్‌చంద్, లాల్‌చంద్ గార్లు మిగిలిన వ్యాపారములను నడిపిరి.

విశాఖలో ఆ యార్డు ప్రక్కనున్న ప్రాంతమును జనులు నేటికిని సింధియా యనియే పిలుచుచున్నారు. బస్సు బోర్డుమీద కూడ ఆ పేరే.