డాక్‌టైప్‌ను నమ్మకు, హెడర్ చూడు

చిరంజీవి అమ్మలుకు,

కొత్త ఉద్యోగంలో చేరగానే నీకు పాత వెబ్‌సైటు అంటగట్టారన్నమాట! పేజీలన్నిటి నెత్తినా ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 1.0 స్ట్రిక్ట్ డాక్‌టైప్ ఉందనీ, వ్యాలిడేటర్‌లో పాసవుతున్నాయనీ, అయినా ఒక పేజీలో సగం మాయమవుతోందనీ రాశావు.

ముందు నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, సర్వర్ పంపుతున్న కంటెంట్-టైప్ హెడర్ చూడు. జాబు లోపల ఎవరి పేరున్నా పోస్ట్‌మాన్ కవరు మీది రాతే చూస్తాడు కదా. అక్కడ టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్ అని ఉంటే, బ్రౌజరు ఆ పేజీని మామూలు హెచ్‌టీఎంఎల్ పార్సర్‌కే అప్పజెబుతుంది. డాక్‌టైప్ తేల్చేది క్వర్క్స్ మోడా, స్టాండర్డ్స్ మోడా అన్నంతవరకే. ఎక్స్‌ఎంఎల్ పార్సర్ చేతికి వెళ్లాలంటే అప్లికేషన్/ఎక్స్‌హెచ్‌టీఎంఎల్+ఎక్స్‌ఎంఎల్ లాంటి రకం రావాలి. వ్యాలిడేటర్ డాక్‌టైప్‌ను నమ్మి ఒకలా చదివింది, బ్రౌజరు హెడర్‌ను నమ్మి ఇంకోలా చదివింది.

ఇక మాయమైన సగం సంగతి. ఎక్కడో స్క్రిప్ట్ ట్యాగును విడిగా మూయకుండా, చివర స్లాష్ పెట్టి వదిలేసి ఉంటారు. ఎక్స్‌ఎంఎల్ లెక్కలో దాని పని అక్కడితో అయిపోయింది. హెచ్‌టీఎంఎల్ పార్సర్‌కు ఆ స్లాష్ పట్టదు. స్క్రిప్ట్ ఇంకా తెరిచే ఉందనుకుని, మూసే ట్యాగు ఎదురయ్యేదాకా పేజీలో ఉన్నదంతా జావాస్క్రిప్ట్ ఖాతాలో వేసేసుకుంటుంది. డివ్‌ను అలా మూసినా మూతపడదు. తర్వాత వచ్చేవన్నీ దాని కడుపులోకే పోతాయి, నువ్వేమో సీఎస్‌ఎస్‌ను తిట్టుకుంటూ కూచుంటావు. ఇలాంటి వాటికి విడిగా మూసే ట్యాగు పెట్టు. బీఆర్, ఐఎంజీ పుట్టుకతోనే ఖాళీవి కనుక స్లాష్ ఉన్నా లేకున్నా ఒకటే. వాటిని ఏరడం దండగ పని.

స్క్రిప్టుల లోపల సీడేటా గుర్తుల ముందు రెండేసి స్లాషులు కనబడితే నవ్వకు. రెండు పార్సర్లనూ ఒప్పించడానికి అప్పటివాళ్లు పడ్డ పాట్లవి. 2000 జనవరిలో డబ్ల్యూ3సీ ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 1.0ను సిఫార్సు చేసింది, కొన్ని జాగ్రత్తలతో హెచ్‌టీఎంఎల్‌గా పంపుకోవచ్చని అనుబంధం సిలో దారీ చూపింది. ఆ దారే రాజమార్గమైంది. ఎందుకంటే అసలైన రకంతో పంపితే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పేజీ చూపేదే కాదు. 2011లో తొమ్మిదో వెర్షన్ వచ్చాకగానీ దానికి ఆ విద్య అబ్బలేదు. ఎక్స్‌హెచ్‌టీఎంఎల్‌ను హెచ్‌టీఎంఎల్‌గా పంపడం చేటని వెబ్ ప్రమాణాల నిపుణుడు ఇయాన్ హిక్సన్ 2002లోనే హెచ్చరించాడు. మాట నిజమే, కానీ జనం వాడే బ్రౌజరులో తెరుచుకోని పేజీ ఏ కంపెనీ పెట్టుకుంటుంది? వాళ్లను తప్పుపట్టబుద్ధి కాదు నాకు.

హెడర్‌ను ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ రకానికి మార్చేస్తే సరిపోతుందని మీ లీడ్ అంటే తొందరపడవద్దని చెప్పు. ఎస్కేప్ చేయని ఒక్క ఆంపర్‌శాండ్ చాలు, ఫైర్‌ఫాక్స్ పేజీ బదులు ఎర్రర్ చూపిస్తుంది. డాక్యుమెంట్.రైట్ పనిచేయదు. పెద్దక్షరాల ట్యాగు పేర్లతో పోల్చే పాత కోడు తప్పుతుంది, ఎక్స్‌ఎంఎల్‌లో పేర్లు రాసినవి రాసినట్టే వస్తాయి మరి. ఆ సైటును హెచ్‌టీఎంఎల్‌గానే ఒప్పుకుని, డాక్‌టైప్‌ను కూడా హెచ్‌టీఎంఎల్5కు మార్చెయ్యమంటాను.

అమ్మమ్మ కథలను ఈపబ్ చేస్తానన్నావు చూడు, ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ నిజంగా బతికున్నది అక్కడ. అధ్యాయాలన్నీ ఎక్స్‌ఎంఎల్ నియమాలకు లోబడాలి. భాష తెలుగని చెప్పడానికి లాంగ్, ఎక్స్‌ఎంఎల్:లాంగ్ రెండూ రాయి. రెండోది ఒక్కటే ఉంటే, అదే ఫైలు రేపు హెచ్‌టీఎంఎల్‌గా పెట్టినప్పుడు బ్రౌజరు దాన్ని లెక్కచేయదు, స్క్రీన్ రీడర్ తడబడుతుంది. విడగొట్టరాని ఖాళీకి ఎన్‌బీఎస్‌పీ అనే పేరు వాడితే ఈపబ్ 3లో ఎర్రర్ వస్తుంది, 160 సంఖ్యతో రాయి.

ఇట్లు,
మీ బాబాయి