ప్రశ్నలు - జవాబులు: పాత కారు ఎప్పుడు కాగుతోంది?

మే నెలలో నెల్లూరు జిల్లా పడమటి మండలాల్లో గాలి వేడి 44, 45 డిగ్రీలకు చేరే రోజులుంటాయి. రేడియేటర్ పని చేసేది లోపలి నీళ్లకూ బయటి గాలికీ మధ్య ఉన్న తేడా మీద. నీళ్లు 85 డిగ్రీల దగ్గరుండి గాలి 30 ఉంటే ఆ తేడా 55. గాలి 45కి చేరితే తేడా 40కి పడిపోతుంది. అంటే అదే రేడియేటర్ అదే వేగంలో పావు వంతుకు పైగా తక్కువ వేడిని బయటికి పంపుతుంది. చలికాలమంతా దాగి ఉన్న లోపం వేసవిలో బయటపడేది అందుకే. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావాటికి ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. బండి నిలబడ్డప్పుడు కాగుతోందా, పరుగెత్తేటప్పుడా, స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకేనా? అది గమనించకుండా సామాన్లు మారిస్తే డబ్బు దండగ.

ప్రశ్న (అనుమసముద్రంపేట): 1970ల నాటి పెట్రోలు అంబాసిడర్. ఆత్మకూరు మీదుగా నెల్లూరు దాకా ఆగకుండా పోయినా సూది కదలదు. దర్గా గంధమహోత్సవం రోజుల్లో జనం మధ్య మెల్లగా కదిలితే మాత్రం కాసేపట్లోనే ఆవిరి లేస్తోంది. మెకానిక్ రేడియేటర్ మార్చమంటున్నాడు. మార్చాలా?

జవాబు: ఇప్పుడే వద్దు. రేడియేటర్ పూడిపోయి ఉంటే నెల్లూరు రోడ్డు మీదే బయటపడేది. వేగంగా పోయేటప్పుడు గాలి తనంతట తాను దూరి వస్తుంది. జనంలో నిలిచినప్పుడు గాలిని లాగాల్సింది ఫ్యాన్ ఒక్కటే. అనుమానం మొదట దాని మీద పెట్టాలి.

ఫ్యాన్ బెల్టును రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కితే అర అంగుళం వరకు లోపలికి పోవాలి. అంతకు మించితే జారుతోందని అర్థం. బెల్టు లోపలి అంచులు అద్దంలా మెరుస్తున్నా జారుతున్నట్టే. తర్వాత ఫ్యాన్ రెక్కలు చూడాలి. ఎప్పుడో విప్పి బిగించినప్పుడు ఫ్యాన్‌ను వెనకా ముందూ చేసి పెట్టిన బళ్లు ఉన్నాయి. ఇంజన్ ఆన్‌లో ఉండగా రేడియేటర్ ముందు ఒక కాగితం పట్టుకుంటే జాలీకి అతుక్కుపోవాలి. అతుక్కోకపోతే దొంగ దొరికినట్టే. జాలీ ముందు అదనంగా బిగించిన హారన్లు, లైట్లు, పెద్ద నంబరు పలక కూడా గాలికి అడ్డమే. తర్వాత ఏసీ పెట్టించి ఉంటే దాని కండెన్సర్ రేడియేటర్ ముందు కూర్చుని తన వేడిని కూడా వెనక్కి తోస్తుంది. అలాంటి బండికి ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఒకటి చేర్చడం న్యాయమైన ఖర్చు.

ఇవన్నీ బాగుంటే ఇగ్నిషన్ టైమింగ్ చూపించాలి. స్పార్క్ ఆలస్యంగా పడితే మంట పిస్టన్‌ను తొయ్యడం తగ్గి, మిగిలిన వేడి సైలెన్సర్ దారినీ హెడ్‌నూ కాలుస్తుంది. పాయింట్లు అరిగితే గ్యాప్ తగ్గి, టైమింగ్ దానంతట అదే వెనక్కి జారుతుంది. హీట్ అవుతున్న బండికి డిస్ట్రిబ్యూటర్ మూత తెరిచి చూసేవాళ్లు తక్కువ. నిజానికి ఖర్చు లేకుండా నయమయ్యే జబ్బు అదే.

ఇంకో మాట. అంబాసిడర్‌లోని ఆ 1489 సీసీ ఇంజన్ బ్రిటన్‌లో బీఎంసీ తయారుచేసిన బీ-సిరీస్. 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారుకూ అదే ఇంజన్, దాన్నే 1798 సీసీకి పెంచి 1962లో ఎంజీబీకి పెట్టారు. ఆ కార్ల యజమానుల కోసం వచ్చిన రిపేరు పుస్తకాల్లో ఇంజన్ గురించి చెప్పిన చాలా సంగతులు అంబాసిడర్‌కూ పనికొస్తాయి.

ప్రశ్న (ఉదయగిరి): స్టాండర్డ్ హెరాల్డ్. ఊళ్లో తిరిగినంతసేపు బాగానే ఉంటుంది. రోడ్డెక్కి అరవై దాటితే మీటర్ పైకి పోతుంది. కొన్నప్పటి నుంచి బోరు నీళ్లే పోస్తున్నాం.

జవాబు: ఇది పై బండికి పూర్తిగా ఎదురు. ఇక్కడ గాలికి లోటు లేదు, నీటి ప్రవాహానికే లోటు. ఆ కారణం కూడా ప్రశ్న చివర్లోనే ఉంది.

పడమటి మెట్ట ప్రాంతపు బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. కట్టెల పొయ్యి మీది నీళ్లకాగు అడుగున తెల్లగా గార పేరుకున్నట్టే ఇంజన్ లోపల, సిలిండర్ల చుట్టూ సున్నం పేరుకుంటుంది. పోత ఇనుముతో పోలిస్తే ఆ సున్నప్పొర వేడిని పంపేది ఇరవయ్యో వంతు. నీళ్లు చల్లగానే ఉన్నా ఇనుము కాలిపోతూ ఉండొచ్చన్నమాట. మీటర్ చూపేది నీళ్ల వేడినే, ఇనుము వేడిని కాదు. అందుకే మీటర్ పెరిగేలోపే నష్టం మొదలవుతుంది.

పరీక్ష ఇలా చేయాలి. బండి బాగా కాగాక ఇంజన్ ఆపి, దూరం నుంచే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ను రేడియేటర్ ముఖం మీద అంగుళం అంగుళం తిప్పాలి. పై నుంచి కిందికి వేడి క్రమంగా తగ్గడం సహజం. మధ్యలో ఎక్కడైనా ఒక్కసారిగా చల్లటి మచ్చ కనిపిస్తే అక్కడి గొట్టాలు పూడిపోయాయి. తర్వాత ఇంజన్ బ్లాక్‌కు ఉండే నీళ్లు వదిలే కుళాయి విప్పాలి. ఏళ్ల తరబడి ముట్టుకోని బళ్లలో అక్కడినుంచి చుక్క కూడా రాదు. లోపల తుప్పు, సున్నం కలిసి బురదగా గడ్డకట్టి ఉంటుంది. తీగతో పొడిస్తే ముందు ఎర్రటి బురద, ఆ తర్వాత నీళ్లు వస్తాయి. ఆ కుళాయి తెరవకుండా రేడియేటర్ మాత్రమే కడిగించడం సగం పని.

కడిగేటప్పుడు నీటిని మామూలు దారికి ఎదురుగా, కింది నుంచి పైకి పంపాలి. సున్నం కరగడానికి పల్చని నిమ్మ ఉప్పు ద్రావణం చాలు. బాత్‌రూం కడిగే యాసిడ్ పొయ్యనివ్వొద్దు. అది రేడియేటర్ ఇత్తడినీ అతుకులనూ తినేస్తుంది. ఆఖరుకు డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్ పొయ్యాలి. కూలెంట్‌ను చలి దేశాల మందనుకోవద్దు. దానిలో తుప్పు ఆపే రసాయనాలున్నాయి, పాత ఇనప ఇంజన్‌కు అవే ప్రాణం.

కడిగాక కూడా వేడి తగ్గకపోతే కింది హోస్ పైపును చూడాలి. పాతబడి మెత్తబడిన పైపు, ఇంజన్ వేగం పెరిగినప్పుడు పంపు లాగే లాగుడికి లోపలికి నొక్కుకుపోతుంది. ఆగగానే మామూలుగా కనిపిస్తుంది. హెరాల్డ్ బానెట్ ముందుకు మొత్తంగా తెరుచుకుంటుంది కాబట్టి, ఒకరు యాక్సిలరేటర్ నొక్కితే ఇంకొకరు పక్కన నిలబడి పైపును కళ్లారా చూడొచ్చు.

ప్రశ్న (ఆత్మకూరు): థర్మోస్టాట్ వాల్వు మన ఎండలకు అక్కర్లేదని మెకానిక్ పీకేశాడు. సరైనదేనా?

జవాబు: కాదు. మన దగ్గర బాగా నాటుకుపోయిన తప్పు ఇది. మామూలుగా 82 డిగ్రీల దగ్గర తెరుచుకునే ఆ వాల్వు, ఒకసారి తెరుచుకున్నాక పెద్దగా అడ్డం కాదు. అది లేకపోతే ఇంజన్ చాలాసేపు చల్లగానే నడుస్తుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్ చెడుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. వాల్వు మీద అనుమానముంటే గిన్నెలో నీళ్లు కాచి అందులో వేలాడదీసి, తెరుచుకుంటోందో లేదో చూడొచ్చు. పాడైతే కొత్తది పెట్టించాలి.

ప్రశ్న (డాలస్, అమెరికా): 1970ల నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. వేడి మీటర్ భయపెడుతోంది కానీ ఆవిరి లేదు, వాసన లేదు. పెట్రోలు మీటర్ కూడా ఎప్పుడూ నిండుగానే చూపుతోంది.

జవాబు: రెండు మీటర్లూ కలిసి పెరిగితే జబ్బు ఇంజన్‌ది కాదు. ఆ రెండింటికీ సుమారు 10 వోల్టులే అందేలా చూసే చిన్న స్టెబిలైజర్ డాష్‌బోర్డు వెనక ఉంటుంది. అది పాడైనా, దాని ఎర్త్ వదులైనా బ్యాటరీ కరెంటు పూర్తిగా మీటర్లకు పోయి, రెండూ ఎక్కువ చూపుతాయి. థర్మోస్టాట్ గూడు మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలిస్తే నిజం తేలిపోతుంది. టెక్సాస్ ఎండలో నిజంగానే వేడెక్కితే మాత్రం రేడియేటర్‌కు రెండు పక్కలా ఉండాల్సిన అట్ట పలకలు ఉన్నాయో లేదో చూడండి. గాలి పక్కలకు జారిపోకుండా ఆపేవి అవే. చాలా బళ్లలో చినిగిపోయి కనిపించవు.

ఉదయగిరి హెరాల్డ్‌కు ఈ స్పిట్‌ఫైర్ దగ్గరి చుట్టం. మద్రాసులో తయారైన హెరాల్డ్ 948 సీసీ ఇంజన్‌నే పెంచి 1962లో స్పిట్‌ఫైర్‌కు 1147 సీసీగా పెట్టారు, చివరికది 1493 సీసీకి చేరింది.

ప్రశ్న (కావలి): రోజూ రేడియేటర్ అంచుదాకా నీళ్లు నింపుతున్నా మర్నాటికి తగ్గుతోంది. ఎక్కడా కారడం లేదు.

జవాబు: అంచుదాకా నింపడమే కారణం కావచ్చు. విడిగా నీళ్ల డబ్బా లేని పాత కార్లలో, కాగి పెరిగిన నీళ్లకు చోటు కావాలి. చోటు లేకపోతే ఓవర్‌ఫ్లో గొట్టం దారి పడతాయి. రెండు రోజులు ఏమీ పొయ్యకుండా, అంచుకు అంగుళం కింద నీళ్లు నిలకడగా ఉంటాయేమో చూడాలి. నిలిస్తే బండికి జబ్బేమీ లేదు.

అప్పటికీ తగ్గితే మూత చూడాలి. మూత మీద 4 అనో 7 అనో పౌండ్ల లెక్క ఉంటుంది. 7 పౌండ్ల మూత బిగువుగా ఉంటే నీళ్లు 111 డిగ్రీల దాకా మరగవు. స్ప్రింగు వదులైతే 100 దగ్గరే మరుగుతాయి. అలాగని కొత్త కార్ల 15 పౌండ్ల మూత తెచ్చి పెడితే పాత రేడియేటర్ అతుకులు విచ్చుకుంటాయి.

మూత కూడా బాగుంటే హెడ్ గ్యాస్‌కెట్ అనుమానించాలి. చల్లటి ఇంజన్ మీద మూత తీసి స్టార్ట్ చేస్తే నీళ్లలో ఆగకుండా బుడగలు రావడం, ఆయిల్ మూత అడుగున మీగడలాంటి పొర, సైలెన్సర్ నుంచి తగ్గని తెల్లపొగ దాని గుర్తులు. గ్యారేజీల్లో నీలం రంగు ద్రవంతో చేసే పరీక్ష ఉంది. పొగ నీళ్లలో కలుస్తుంటే ఆ ద్రవం పసుపు పచ్చగా మారుతుంది. అలా మారితే బండిని ఆ రోజు నుంచే నడపకుండా ఆపి, హెడ్ విప్పించి, దాని ముఖం చదునుగా ఉందో లేదో కొలిపించాలి.