బిడ్డ ఎవరి సొత్తు?

పాఠ్యభాగములు: 1 రాజులు 3:16–28, 1 సమూయేలు 2:18–20



ఇద్దరు స్త్రీలు ఒకే బిడ్డకొరకు సొలొమోను యెదుట వాదులాడిరి. తనకు దక్కకపోయినను బిడ్డ బ్రదికిన చాలునని తల్లడిల్లినదే తల్లి యని రాజు తీర్చెను. నేటి న్యాయస్థానములును బిడ్డ మేలునే ముందు విచారించుచున్నవి.

మన తెలుగువారి వ్యాజ్యము నొకదానిని చూతము. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని, అతని తమ్ముడు నిత్యానందను తండ్రి నారాయణయ్య 1910 మార్చిలో పత్రము వ్రాసి అనీబిసెంటు సంరక్షణలో ఉంచెను. పిమ్మట మనస్సు మార్చుకొని 1912లో దావా వేసెను. 1913లో మద్రాసు హైకోర్టు పిల్లలను తండ్రికి అప్పగింపుమనెను. 1914లో లండనులోని ప్రివీ కౌన్సిలు దానిని కొట్టివేసెను. పిల్లలు అప్పటికి ఇంగ్లండులో నుండిరి. వారి మాట వినక, మేలు విచారింపక ఆజ్ఞ యీయరాదనెను. అయినను తండ్రి సంరక్షకత్వము పవిత్రమైన బాధ్యత యనియు, ఇతరులకు వ్రాసి యిచ్చినను దానిని మరల రద్దుచేయవచ్చుననియు ఆ తీర్పే పలికెను.

ఇందు మనకు మూడు పాఠములు గలవు.

1. అప్పగించుట వేరు, వదలుకొనుట వేరు. మన ఎచ్చెర్ల ప్రాంతమునుండి పనికై దూరపట్టణములకు పోవువారు పిల్లలను అమ్మమ్మయొద్దనో హాస్టలులోనో ఉంచుదురు. అది వదలుకొనుట కాదు. ఏ కాగితమైనను చదివించి వినకుండ వేలిముద్ర వేయవద్దు. పెంచలేక బిడ్డను శాశ్వతముగా అప్పగింపదలచినవారు జిల్లా బాలల సంక్షేమ సమితి యెదుటికి పోవలెను. మరల ఆలోచించుకొనుటకు 2015 బాల న్యాయ చట్టము వారికి రెండు నెలలు గడువిచ్చుచున్నది.

2. బిడ్డ ఆస్తి కాదు. 1973లో ఒక క్రైస్తవ దంపతుల వ్యాజ్యములో సుప్రీంకోర్టు ఇదే చెప్పెను. తండ్రి హక్కుకంటెను, తల్లి హక్కుకంటెను బిడ్డ క్షేమము గొప్పది.

3. దూరము బంధమును తెంపరాదు. హన్నా కుమారుని మందిరములో విడిచినను, ఏటేట చిన్న అంగీ కుట్టి తెచ్చెను. బిడ్డ యెంత ఎదిగెనో తలంచుకొనుచు కుట్టియుండును గదా! విడిపోయిన దంపతుల బిడ్డకు ఇద్దరి ప్రేమయు దక్కవలెననియు, దూరమున నున్నవారు వచ్చి చూచుటకును ఫోనులో మాటలాడుటకును వీలుండవలెననియు 2020లో సుప్రీంకోర్టు తీర్పిచ్చెను.

బిడ్డ వినుచుండగా తల్లినిగాని తండ్రినిగాని దూషించు నాలుక సొలొమోను తెప్పించిన ఖడ్గమే. ఆ ఖడ్గమును రాజు ఆపెను; మన యిండ్లలో దానిని ఎవరు ఆపుదురు?

కూటములలో చర్చించుడి: మన సంఘములో తలిదండ్రులకు దూరముగా పెరుగుచున్న పిల్లలెవరు? ఈ నెలలో వారికొరకు మనమేమి చేయుదుము?