వాడి ఎడమచెయ్యి

తెనాలి.

అమ్మలూ,

పిల్లాణ్ణి ఇంట్లోనే చదివించడానికని నువ్వు వాట్సాప్‌లో పెట్టిన టైంటేబులు చూశాను. ‘ఫెన్సింగ్’ అని చదివి, డాలస్‌లో స్థలం కొని కంచె వేయిస్తున్నారు కాబోలు, అది పిల్లాడి టైంటేబుల్లో ఎందుకుందా అనుకున్నాను. మీ పెద్దమ్మ నవ్వి, కత్తిసాము అని చెప్పింది. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో చెన్నై అమ్మాయి భవానీ దేవి మొదటి పోటీ 15–3తో గెలిచినప్పుడు టీవీలో చూశాంగా, అదేనట.

చదవడం, రాత, టైపింగ్, ఫెన్సింగ్. నాలుగు గళ్లు, గడికి ముప్పావుగంట. ముందు ఒక మాట అడుగుతాను, లెక్కలేవీ? ఇంట్లో చదివించే పిల్లలకి చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరుడిగా ఉండటం, ఈ అయిదూ నేర్పాలని మీ టెక్సస్ వాళ్లే అంటారు కదా. టైపింగు తీసి అక్కడ లెక్కలు పెట్టు. ఎందుకో కింద చెబుతాను.

చదవడాన్నీ రాతనీ వేరే గళ్లలో పెట్టకు. తెలుగులో ‘క’ రాస్తే ‘క’ అనే పలుకుతాం. ఇంగ్లీషులో అలా కాదు. ఉన్నవి 26 అక్షరాలు, పలకాల్సిన ధ్వనులు 44 దాకా. క్యాట్‌లో ‘ఎ’ ఒకటి, కేక్‌లో ఒకటి, బాల్‌లో ఇంకొకటి. అందుకని పొద్దున చదివిన నాలుగు మాటలే ఆ పూట రాయించు. నువ్వు పలుకు, వాడు విని రాస్తాడు, రాసింది వాడే పైకి చదువుతాడు. ఇరవై నిమిషాలు చాలు. ఆరేళ్లవాడు అంతకు మించి కూర్చోడు, కూర్చున్నా బుర్ర కూర్చోదు.

దిద్దించడం ఒక్కటే సరిపోదు. ఇది చెప్పడానికి నాకే మొహమాటంగా ఉంది, ముప్పై ఏళ్లు ఒకటో తరగతికి నేను చేసింది ఎక్కువ అదే. ఇండియానా యూనివర్సిటీలో కారిన్ జేమ్స్ అనే ఆవిడ, ఇంకా చదవడం రాని అయిదేళ్ల పిల్లలతో కొన్ని అక్షరాలు రాయించి, కొన్ని దిద్దించి, కొన్ని టైపు చేయించి, తరవాత ఆ అక్షరాలు చూస్తుంటే వాళ్ల మెదడు ఎలా పనిచేస్తుందో స్కాన్ తీసి చూసింది. 2012లో అచ్చయింది. చదివేటప్పుడు పనిచేసే భాగాలు మేలుకొన్నది సొంతంగా రాసిన అక్షరాలకే. వంకరటింకరగా రాసినా వాణ్ణే రాయనీ. చెయ్యి పట్టుకోకు.

చెయ్యంటే గుర్తొచ్చింది. వాడిది ఎడమచేతివాటమనీ, మీ అత్తగారు పెన్సిలు కుడిచేతిలోకి మారుస్తున్నారనీ చివర్లో ఒక ముక్క రాశావు. అసలు ఈ ఉత్తరం దానికోసమే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పిల్లాడు ఎడమచేత్తో బలపం పట్టేవాడు. పట్టినప్పుడల్లా వేళ్ల మీద స్కేలుతో తట్టేవాణ్ణి, అదే క్రమశిక్షణ అనుకుని. ఏడాది తిరిగేసరికి కుడిచేత్తో రాయడం వచ్చింది కానీ, పలక ముట్టుకోమంటే ఏడ్చేవాడు. మూడో తరగతిలో బడి మానేశాడు. నావల్లే అని ఎవరూ అనలేదు. నాకు తెలుసు.

అన్నం తినే చెయ్యి కుడిదే ఉండాలని మీ అత్తగారు పట్టుబడితే ఒప్పుకో, పెద్దావిడతో పేచీ ఎందుకు. పెన్సిలు జోలికి మాత్రం రానివ్వకు. కాగితం పైభాగం కుడివైపుకి వంచి పెట్టు. పెన్సిలు ములుకుకి అంగుళం పైన పట్టుకోమను, రాసింది అరచేతి కింద అలుక్కుపోకుండా కనపడుతుంది.

నేను కంచె అనుకున్న ఆ ఫెన్సింగే వీడికి బాగా అచ్చొచ్చేలా ఉంది. ఎదుటివాళ్లంతా కుడిచేతివాళ్లతో ఆడి అలవాటుపడి ఉంటారు, ఎడమచేతి కత్తి వచ్చే దిక్కు వాళ్లకి కొత్త. ఇటలీలో ఎడోర్డో మాంజియారొట్టి అని ఒకాయన 13 ఒలింపిక్ పతకాలు గెలిచాడు. పుట్టుకతో కుడిచేతివాటమే, తండ్రి పనిగట్టుకుని ఎడమచేతికి మార్చాడట! నేను ఇటునుంచి అటు, ఆ తండ్రి అటునుంచి ఇటు. ఆయన కొడుక్కి పతకాలు వచ్చాయి.

ఇంకో సంగతి. ఫాయిల్ అనే కత్తిని తిప్పేది బొటనవేలూ చూపుడువేలే, మిగతా మూడూ వెనకనుంచి ఆసరా. పెన్సిలు పట్టే వేళ్లూ అవే. పిల్లలకి ప్లాస్టిక్ కత్తులుంటాయి, వాటితోనే మొదలుపెట్టించు. వారానికి రెండు రోజులు చాలు. జాకెట్టు, గ్లవ్ కొనేటప్పుడు ఎడమచేతివని చెప్పి అడుగు, వేరే ఉంటాయి. ఆటకి ముందు కత్తెత్తి సెల్యూట్ చేస్తారు, అయ్యాక ఓడినా గెలిచినా చెయ్యి కలుపుతారు. మీ టెక్సస్ వాళ్లడిగే పౌరసత్వం పాఠంలో సగం అక్కడే అయిపోతుంది.

ఇక టైపింగు. నేను టైపు లోయర్ పరీక్ష పాసయ్యాను, దాని మీద నాకేం కోపం లేదు. కానీ వాడి వేళ్లకి ఇంకా కీబోర్డంత సాగుదల లేదు. ఒకే ఊపున ఒక పేజీ టైపు చెయ్యాలని అమెరికాలో కొన్ని రాష్ట్రాలు పాటించే కామన్ కోర్ పాఠ్యప్రమాణాలు అడిగేది కూడా నాలుగో తరగతిలో. సంక్రాంతి దాటాక రోజుకి పది నిమిషాలు, ఎఫ్, జె మీది గీతలు తడుముకుని వేళ్లు పెట్టడం వస్తే చాలు. తొందరేం లేదు. ఇంగ్లీషు టైపులో సగానికి పైగా పని ఎడమచేతిదే, వాడికి అదీ కలిసొస్తుంది.

ఈ ఉత్తరం మీ అత్తగారికి చదివి వినిపించు, నా మాటగా. వాడు ఎడమచేత్తో ‘తాత’ అని రాసిన కాగితం ఫొటో తియ్యకుండా పోస్టులో పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న