కింది పొలానికి వదిలే నీరు

మదీనా శివారులో హర్రా అనే నల్లరాతి నేల మీదుగా కాలువలు దిగేవి. వాటితోనే ఖర్జూర తోటలు తడిసేవి. ఒకసారి ఎగువ తోటగల హజ్రత్ జుబైర్ (రజి)కీ, దిగువనున్న ఒక అన్సారీకీ ఆ నీటి విషయమై తగాదా వచ్చింది. తోట తడుపుకుని, ఆ తర్వాత నీటిని పొరుగువానికి వదలమని దైవప్రవక్త (స) జుబైర్ (రజి)కు చెప్పారు. సహీహ్ బుఖారీలో ఉన్న ఈ ఉదంతం నుంచి ధర్మవేత్తలు ఎగువవాని హక్కు ఎంతో చర్చించారు. మనం ఇంకొక ప్రశ్న కూడా వేసుకోవాలి. కిందికి వదిలే నీరు ఎలా ఉండాలి?

మన వరిచేల సంగతే చూద్దాం. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైగా నత్రజని ఉంటుంది. సాధారణంగా పైరు అందులో సగం కూడా తీసుకోదు. మిగిలిన దానిలో కొంత గాలిలో కలుస్తుంది, కొంత భూమిలోకి ఇంకుతుంది, కొంత మురుగు కాలువ పడుతుంది. చల్లిన మర్నాడే వాన కురిసి గట్టు తెగిందంటే ఇక చెప్పనక్కర లేదు. డి.ఎ.పి.లోని భాస్వరం మట్టిని అంటిపెట్టుకుని ఒండ్రుతో పాటు కొట్టుకుపోతుంది. ఈ రెండూ చేరిన నీటిలో నాచు, గుర్రపుడెక్క అల్లుకుంటాయి. అవి కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోయి చేపలు చచ్చి తేలుతాయి. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలిసే కొల్లేరుకు పట్టణాల మురుగు, చేపల చెరువుల వ్యర్థాలతో పాటు పొలాల ఎరువూ చేరుతోంది.

నాచు వల్ల రంగు మారిన నీటితో వుజూ చెల్లుతుందని ఫిఖహ్ గ్రంథాలు చెబుతాయి. నిజమే. ఇక నైట్రేట్ అయితే రంగు, రుచి, వాసన దేన్నీ మార్చదు. కాని లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు తాగడానికి తగదని మన దేశ ప్రమాణం. అలాంటి నీటితో కలిపిన పాలు తాగే పసికందుల రక్తం ప్రాణవాయువును మోయలేక, ఒళ్ళు నీలంగా మారే ప్రమాదముంది. వుజూ చెల్లింది కదా అని బాధ్యత తీరిపోదు. నిలువనీటిలో మూత్రం పోయడాన్ని దైవప్రవక్త (స) వారించారు. నీటిరేవుల్లో మలవిసర్జన శాపాలు తెచ్చిపెట్టే పనుల్లో ఒకటన్నారు. దిగువవాని నీరు చెడగొట్టడం దాసుల హక్కులకు సంబంధించినది. అది నఫిల్ నమాజులతో మాఫీ అయ్యేది కాదు.

"పక్కవాడు రెండు బస్తాలు వేస్తుంటే నేనొక్కణ్ణి తగ్గిస్తే పంట పోదా?" అని సోదరులు అడుగుతారు. భూసార పరీక్ష చేయించి అవసరమైనంతే వేస్తే పంట పోదు, డబ్బూ మిగులుతుంది. యూరియాను ఒక్కసారిగా కాక దఫాలుగా, మడిలో నీరు తీసి బురద పదనులో చల్లాలి. రెండు రోజుల తర్వాత పలుచగా నీరు పెట్టాలి. నాట్లకు ముందు జీలుగ గాని జనుము గాని కలియదున్నితే యూరియా అవసరం తగ్గుతుంది. పెంటకుప్ప వాగు ఒడ్డున వేయకూడదు. కాలువ గట్టు మీది గడ్డిని చెక్కేయకుండా ఉంచాలి, ఒండ్రును ఆపేది అదే. వాన మబ్బు పట్టిన రోజున బస్తా విప్పకూడదు.