వాన నీటికి దారి ఉంటే ఇంటికి ఆరోగ్యం



వానాకాలంలో జ్వరంతో వచ్చినవారిని మేము తప్పక అడిగే ప్రశ్న ఒకటి ఉంది: "ఈ మధ్య వరద నీళ్లలో నడిచారా?" ఊరిలో నీరు నిలవడానికీ ఒంట్లో జ్వరానికీ సంబంధం ఉంది. హైదరాబాదును ఉదాహరణగా తీసుకుని తెలుసుకుందాం.

1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి వేలాదిమంది చనిపోయారు. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. ఆ తరువాత నిజాం ప్రభుత్వం ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన సలహాపై నగరానికి ఎగువన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు కట్టారు. వరద ముందుగా అక్కడ ఆగుతుంది.

అయితే నగరంలోనే కురిసే వానకు చెరువులు, నాలాలే ఆధారం. అవి పూడిపోయి, ఆక్రమణలతో ఇరుకైపోయాయి. మన దేశంలో పాత వరద కాలువలను గంటకు 12 నుండి 20 మిల్లీమీటర్ల వానకు సరిపడేలా కట్టారు. 2020 అక్టోబరు 13న నగరం చుట్టుపక్కల కొన్నిచోట్ల ఒక్కరోజులోనే 30 సెంటీమీటర్లు దాటి కురిసింది. ఆ నీరంతా కాలనీల్లోకి వచ్చింది.

నగరపాలక సంస్థ చేయవలసినవి: వానలకు ముందే నాలాల పూడిక తీయడం, చెరువుల హద్దులు కాపాడటం, పల్లపు ప్రాంతాలవారిని ముందుగా హెచ్చరించి తరలించడం.

మనం చేయవలసినవి:

1. నాలాల్లో చెత్త, ప్లాస్టిక్ సంచులు వేయకండి.

2. స్థలం చవకగా వస్తోందని తొందరపడకండి. అది చెరువు నీరు నిండే హద్దులో ఉందేమో ముందు విచారించండి.

3. నీరు పోవాలని మ్యాన్‌హోల్ మూత తీయకండి. నీళ్లలో అది కనిపించక మనుషులు పడిపోతారు.

4. నీళ్లు కాచి చల్లార్చి తాగండి. సంపు మునిగితే శుభ్రం చేసి క్లోరిన్ వేయించండి.

5. కాలికి పుండు ఉంటే వరద నీటిలో దిగకండి. ఎలుకల మూత్రం కలిసిన నీటివల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది.

వరద నీటిలో నడిచిన నెలలోపు జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే సొంతవైద్యం చేసుకోకండి. వెంటనే ఆసుపత్రికి రండి. నీళ్లలో నడిచిన సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పండి. ఆలస్యమైతే కాలేయం, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. త్వరగా మందు మొదలుపెడితే చాలామంది పూర్తిగా కోలుకుంటారు.