పెరటికి ఆపిలా, నిమ్మా?

ఇంటి పెరటిలో ఆపిలు చెట్టు పెంచుకొనవలెనను కోరిక ఇటీవల గ్రామములందును వినబడుచున్నది. తెగుళ్ళను తట్టుకొను రకమనియు, ఎండలోను కాయుననియు చెప్పి మొక్కలు అమ్మువారు కలరు. పంచాయతీ నర్సరీలో వానిని పెంచి ఇంటింటికి పంచుద మను ప్రతిపాదన సభ్యుల ముందుకు వచ్చినచో ఏమి ఆలోచింపవలెనో ఇచ్చట చెప్పెదము.

ఆపిలు మొగ్గ చలికాలమున నిద్రించును. తగినంత చలి తగిలిన పిమ్మటనే మేల్కొని పూయును. సాధారణ రకములకు 7 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగువనుండు చలి సుమారు 1000 గంటలు కావలెను. హైదరాబాదులో డిసెంబరు, జనవరి రాత్రులందు సయితము పాదరసము అంతగా దిగుట అరుదు. చార్మినారుకు దక్షిణముననున్న శాలిబండ వంటి పేటలో, పగటి వేడిని రాత్రి వరకు దాచుకొను గోడల నడుమ నున్న ముంగిలిలో, ఆ చలి ఇంకను తక్కువ.

తక్కువ చలితో పూయు రకము లేకపోలేదు. హిమాచల ప్రదేశ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ రూపొందించిన హెచ్.ఆర్.ఎం.ఎన్. 99 అట్టిది. ఆయనకు 2025లో పద్మశ్రీ లభించినది. తెలంగాణలో కుమ్రం భీం ఆసిఫాబాదు జిల్లా కెరమెరి మండలమున 2020లో ఆపిళ్ళు పండినవి, హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు అందులకు తోడ్పడిరి. అయితే అది రాష్ట్రములో మిక్కిలి చలిపడు ప్రాంతము. అక్కడ కాచినది గనుక శాలిబండలోను కాచునని అనుటకు వీలులేదు.

ఇక తెగులు మాట. ఈ ఆపిలు స్కాబు అను మచ్చతెగులును తట్టుకొనునని చెప్పుదురు. స్కాబు చల్లని, తడిసిన కొండ వాతావరణమున ప్రబలు బూజుజాతి తెగులు. మన ఎండలలో దాని బెడదయే స్వల్పము. రాని తెగులును తట్టుకొను మొక్కకు ఎక్కువ వెల యిచ్చుట ఎందులకు? మన పెరళ్ళను బాధించునది నిమ్మ గజ్జితెగులు. దావతులో కబాబుకైనను, ఊరిలో పులిహోరకైనను నిమ్మకాయ కావలసినదే గదా.

గజ్జి సోకిన చెట్టు ఆకులపై, రెమ్మలపై, కాయలపై గరుకైన గోధుమరంగు పొక్కులు లేచును. ఆకుపై పొక్కు చుట్టు పసుపు వలయ ముండును. ఇది బాక్టీరియా వలన వచ్చును. గాలితో కూడిన వాన దీనిని కొమ్మనుండి కొమ్మకు చేర్చును. లేత ఆకులలో సొరంగములు తొలుచు పురుగు చేసిన గాయములు దీనికి ద్వారములగును. తిరుపతి పరిశోధన స్థానమునుండి వచ్చిన ‘బాలాజి’ నిమ్మ ఈ తెగులును బాగుగా తట్టుకొనును. అసలే రాదని కాదు. ఇతర నిమ్మలకు వచ్చునంతగా రాదు. శాలిబండ ముంగిలిలో గోడలు గాలివాన నడ్డుకొనుట యొక మేలు. కాని అచ్చట పూటైనను ఎండపడు మూలను వెదకవలెను. ఊరి పెరటిలో ఎండకు కొదువలేదు, గాలికి చాటు కావలెను.

పాదులోని నీరు చెట్టు మొదలును తాకరాదు. తాకినచో మొదలు కుళ్ళి బంక కారును. తొలకరికి ముందు గజ్జిపట్టిన రెమ్మలను కత్తిరించి కాల్చి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి చల్లవలెను. విత్తుమొక్క నాలుగైదేండ్లకు కాపుకు వచ్చును.

నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతికించు బాధ్యతను 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము గ్రామ పంచాయతీపై ఉంచినది. చలి చాలక పూయని ఆపిలు బ్రతికినను లెక్కకే గాని ఇంటికి పనికిరాదు. అంతకన్న ముఖ్యమైనది మరియొకటి కలదు. నర్సరీ మడిలో గజ్జి యుండినచో పంపిణీ నాడే అది ప్రతి పెరటికి చేరును. కావున మొక్కలు బండి యెక్కకముందే సభ్యులొకరు మడి మడికి తిరిగి, ఆకుల రెండు వైపులను త్రిప్పి చూచి, పొక్కున్న మొక్కలను అక్కడనే కాల్పింపవలెనని మా సూచన.